మూగజీవుల ఆశ్రమము - అద్దెనేల

గత వేసవిలో ఎర్రుపాలెమునకు సమీపముననున్న యొక పట్టణమున, అద్దెనేలపై రేకులు వేసికొని నడచుచున్న మూగజీవుల ఆశ్రమముమీద పెద్ద అపవాదు పుట్టెను. కుక్కలను పస్తు పెట్టుచున్నారనియు, దాతల సొమ్ము తినివేయుచున్నారనియు జనులు చెప్పుకొనిరి. ఎముకలు తేలిన కుక్కల ఛాయాపటములు ఫోనులలో ఊరూర తిరిగెను. స్థలపు యజమాని అంతకుముందే ఖాళీచేయుమని నోటీసు పంపియుండెను. ఇదియంతయు యజమాని పన్నిన పన్నాగమే యని ఆశ్రమమువారు ఒక ప్రకటన వెలువరించిరి.

మా విద్యార్థులు రైలుగేటుకడ కాలు విరిగి పడియున్న కుక్కపిల్లను గోనెసంచిలో పెట్టుకొని అక్కడికే చేర్చియుండిరి. ఆదివారపు బడిపిల్లల కానుకలును అక్కడికే పోవుచుండెను. కావున తలిదండ్రులు కొందరు వచ్చి, "మాస్టరుగారూ, మా పిల్లల పైసలు ఎవరి పొట్టలోకి పోతున్నవి?" అని మమ్ము నిలదీసిరి. న్యాయమైన ప్రశ్నయే.

ఇట్టి చిక్కులు కొత్తవి కావు. 1824లో లండను నగరమున జంతుహింసా నివారణ సంఘము స్థాపింపబడినప్పుడు దాని మొదటి కార్యదర్శి ఆర్థర్ బ్రూమ్ అను పాదిరిగారు. ఆయన తన గుడిపని విడిచి, పశువుల సంతను కనిపెట్టి చూచు మనుష్యులకు తన సొమ్ములోనుండియే జీతములిచ్చెను. సంఘమునకు అప్పులు పెరిగి, 1826లో ఆ యప్పులకై ఆయనయే చెరసాల పాలయ్యెను. లెక్కలు చెడినవారందరును దొంగలు కారనుటకు మేము ఈ పాదిరిగారినే చూపుదుము. ఆయన తరువాతి కార్యదర్శి లూయిస్ గాంపెర్ట్జ్ యూదుడు. సంఘము క్రైస్తవ సూత్రములకే కట్టుబడవలెనని 1832లో తీర్మానము కాగా, ఆయన వెడలిపోయి వేరొక సంఘము పెట్టుకొనెను. క్రైస్తవులమైన మేము ఈ సంగతి చదివి సంతోషింపజాలము.

ఒక శనివారము మేమే పోయి చూచితిమి. యజమాని యిల్లు ఆశ్రమపు గోడ నానుకొనియే యున్నది. తెల్లవార్లు మొరుగుడు, వానపడిన దినమున మురుగు ఆయన వాకిటిలోనికే. ఆయన దుర్మార్గుడుగా మాకు తోచలేదు. అయితే వ్రాతపూర్వకమైన ఒప్పందము లేని అద్దెను 1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టము సామాన్యముగా నెలనెలా అద్దెగా నెంచును. 15 దినముల నోటీసుతో అది ముగియవచ్చును. కుక్కకు విరిగిన యెముక అతుకుకొనుటకు 6 వారములైనను పట్టును. తగవంతయు ఈ రెండు లెక్కల నడుమనే యున్నది.

ఇక పస్తుల మాట. ఎముకలు తేలిన కుక్క నిన్న వీధినుండి వచ్చినదైనయెడల ఆశ్రమము దానిని రక్షించుచున్నది. ఆరు నెలల క్రిందట వచ్చినదైనయెడల ఆశ్రమమే దానిని మాడ్చుచున్నది. పటము ఆ తేదీని చెప్పదు. పార్వో రోగము తగిలిన కుక్కపిల్లలు మందిచ్చినను పెక్కు చచ్చును గనుక చావులను బట్టియు తీర్పు చెప్పరాదు. బిలాము గాడిదకు దేవుడు నోరిచ్చెను. వీనికి పుస్తకములే నోరు. చేర్చుకొన్న జీవుల పుస్తకము చక్కగా నున్నది. మా కుక్కపిల్ల వచ్చిన తేదీయు, బరువును అందు సరిగా కలవు. చచ్చిన వాని పుస్తకములో మాత్రము నాలుగు నెలలుగా ఒక్క అక్షరమును లేదు. పనివారు ఇద్దరే యనిరి. కావచ్చును. కాని ప్రకటనలో యజమానిని దూషించుటకు చాలినంత తీరిక దొరికినది గదా! అద్దె తగవు నిజమైనంత మాత్రమున పస్తుల ప్రశ్నకు జవాబు చెప్పినట్లు కాదు.

హైదరాబాదులో 1992లో స్థాపింపబడిన బ్లూక్రాస్ వంటి పెద్ద సంస్థలు మన పల్లెలకు చాల దూరము. ఈ రేకుల పంచ పోయినయెడల రైలుగేటుకడ పడిన జీవికి దిక్కు లేదు. అందుచేత కానుకలను మానలేదు. డబ్బుగా గాక నూకలుగను, మందులుగను పంపి రసీదు పుచ్చుకొనుచున్నాము. మరణముల పుస్తకము పూర్తిచేసి చూపుడని లేఖ వ్రాసితిమి. యజమానియు మాట విని సంక్రాంతివరకు గడువిచ్చెను. ఊరికి ఎడముగా, నీటివసతియు ప్రహరీగోడయు గల స్థలము ఎవరి యెరుకలోనైన నున్నయెడల తలిదండ్రులు దయచేసి పాఠశాలకు కబురు చేయగోరుచున్నాము.