మజిలీ

పూర్వము ఎద్దులబండిపై సంతకు పోయి వచ్చు రైతు తిరుగు ప్రయాణములో తరచుగా నిద్రపోవుచుండెడివాడు. రాత్రి రెండవ జాము దాటిన పిదప, పగ్గములు ఒడిలో నుంచుకొని, గడ్డిపరుపుపై ఒరిగి కన్నులు మూసెడివాడు. ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడుచుండెను. బండి మాత్రము ఆగెడిది కాదు. ఎద్దులకు బాట తెలియును. ఎదుట మరియొక బండి వచ్చినచో అవి ప్రక్కకు తొలగును; గోతిని చూచినచో చుట్టి పోవును; ఇల్లు చేరిన వెంటనే వాకిట నిలిచి మెడగంటలు మ్రోగించును. అప్పుడు రైతు కన్నులు నులుముకొనుచు దిగెడివాడు. బండివాడు నిద్రించినను, బండిని లాగువి మేలుకొనియే యుండెను.

మోటారుబండికి దీపములున్నవి గాని కన్నులు లేవు. చూచు పని, విను పని, ఆపు పని, అంతయు ఒక్క మనుష్యునిపై పడినది. ప్రక్కన మాటలాడువాడు లేక ఒంటరిగా దూరప్రయాణము చేయువానికి ఆ భారము మరింత అధికము.

కాలినడకను, పల్లకీలలోను పోవువారికి పూర్వము ఇంకొక రక్ష యుండెను. అదియే మజిలీ. ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. సుమారు నూరుగురు పరివారముతో సాగిన ఆ యాత్రకు పదునైదు మాసములకు పైగా పట్టినది. ఏ మజిలీలో నీరు దొరకునో, ఎచ్చట అంగళ్ళున్నవో, ముందున్న బాట యెట్టిదో ఆయన ఓపికతో వ్రాసికొనెను. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు సహితము తన వెంట వచ్చు గొల్లపిల్లవానికి నడకలో కథ చెప్పడు. మజిలీ చేరి, భోజనము ముగించి, విశ్రమించిన పిదపనే చెప్పును.

నడచువానికి కాళ్ళు అలయును. కావున ఆగవలసిన సమయము వానికి తెలియును. మోటారులో కూర్చున్నవానికి అలయునది మెదడు. అది అలసినదని కనిపెట్టవలసినది కూడ ఆ అలసిన మెదడే. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

హైదరాబాదులో ఉద్యోగము చేయు ఒక యువకుని ప్రయాణమును గమనించినచో ఈ చిక్కు తేటపడును. వాని స్వగ్రామము శ్రీకాకుళమునకు సమీపమున గల ఒక పల్లె. హైదరాబాదునుండి అది ఏడువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. సంక్రాంతి పండుగకు రైలులో చోటు దొరకలేదు. భోగినాటి తెల్లవారుజామున మంట వేయునప్పటికి ఇల్లు చేరవలెనని అతని కోరిక. అక్క కుమార్తె ఆరేండ్ల పిల్ల. నెల దినములనుండి ఆవుపేడతో భోగిపిడకలు తట్టి, ఎండబెట్టి, దండ గ్రుచ్చి, "మామయ్య వచ్చిన తరువాతనే మంటలో వేయుదును" అని అందరితోను చెప్పుచుండెను.

అతడు అజాగ్రత్తపరుడు కాడు. బయలుదేరుటకు ముందు టైర్లలో గాలి చూపించెను. స్టెప్నీకి కూడ గాలి పట్టించెను. దీపములు, బ్రేకులు పరీక్షించుకొనెను. నీళ్ళసీసాలు, చేతిదీపము, మందులు వెంట నుంచుకొనెను. మద్యమును ఎన్నడును తాకి యెరుగడు. బండిని అంత శ్రద్ధగా సిద్ధము చేసినవాడు తన శరీరమును మాత్రము పరీక్షింపలేదు. ఆ దినము ఉదయము ఆరు గంటలకు నిద్రలేచి, సాయంకాలము వరకు కార్యాలయములో పనిచేసి, రాత్రి ఏడున్నరకు కారెక్కెను. రాత్రివేళ బాట ఖాళీగా నుండునని తలచెను. ఆ తలపు ఆ రాత్రి మరి యెందరికో కలిగినది. చౌటుప్పలు దాటునప్పటికే టోలుగేటు వద్ద కార్లు బారులు తీరి యుండెను. సూర్యాపేట, కోదాడ దాటి విజయవాడ చేరునప్పటికి రాత్రి ఒంటిగంటన్నర.

ఇచ్చట ఒక లెక్క చెప్పుకొనవలెను. 1997లో ఆస్ట్రేలియా దేశపు శాస్త్రజ్ఞులు కొందరిని నిద్రపోనీయక మేలుకొలిపి యుంచి, వారి చేతి నేర్పును, చురుకుదనమును పరీక్షించిరి. పదునేడు గంటలు వరుసగా మేలుకొన్నవాని పటుత్వము, 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యము గలవాని పటుత్వమునకు సమానమని తేలినది. మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఈ మద్యమునకు పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. ఉదయము ఆరు గంటలకు లేచిన ఆ యువకుడు రాత్రి పదునొకండు గంటలకే పదునేడు గంటలు పూర్తిచేసెను. విజయవాడలో పోలీసు ఎవరైనను అతనిచే యంత్రములో ఊదించి యుండినచో సున్న వచ్చి యుండెడిది. నిద్రలేమిని పట్టు యంత్రము పోలీసుల చేతిలో లేదు.

అతనికి నిద్ర వచ్చుచున్న సంగతి కొంత తెలిసినది. తెలిసినవాడు ఏమి చేయునో అతడును అదియే చేసెను. అద్దము దించి చలిగాలి తగులనిచ్చెను. పాటల ధ్వని పెంచెను. హనుమాను జంక్షను వద్ద ముఖము కడుగుకొని టీ త్రాగి, వెంటనే బండి నెక్కెను. స్నేహితునితో ఫోనులో మాటలాడెను. ఈ ఉపాయము లన్నిటిలో ఇదియే చెడ్డది. చేతిలో ఫోను పట్టుకొనకున్నను మనస్సు బాటను విడిచి మాటల వెంట పోవును. చలిగాలి, చన్నీళ్ళు, పాటలు కొన్ని నిమిషములు మాత్రమే పనిచేయును. ఆంధ్రదేశములో పోలీసులు కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటిన పిదప లారీలను ఆపి, డ్రైవర్లచే ముఖము కడిగించి పంపుట కలదు. మంచి పనియే. అయితే ఆ నీటికంటె, ఆ కాసేపు ఆగుటయే వారికి ఎక్కువ మేలు చేయుచుండును.

మనుష్యుని శరీరములో ఒక గడియారము కలదు. రాత్రి రెండు గంటలు మొదలు ఆరు గంటల వరకు అది నిద్రను బలముగా రప్పించును. మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వరకు ఇంకొకమారు రప్పించును. కడుపునిండ అన్నము తిన్నవానికి ఆ కునుకు మరింత తోడగును. యువకుడు గోదావరి దాటునప్పటికి మూడున్నర దాటినది. దాటిన కొంతసేపటికి అతనికి ఒక సందేహము కలిగెను. వంతెన ఎప్పుడు దాటితిని? ఎంత ఆలోచించినను జ్ఞాపకము రాలేదు. కొన్ని కిలోమీటర్ల గోదావరి అతని కన్నుల ముందునుండి పోయినది, అతడు చూడలేదు. ఇది గట్టి హెచ్చరిక. ఆవులింతలు, కనురెప్పల బరువు, మాటిమాటికి బండి అంచునకు పోవుట, దాటిన ఊరు గుర్తులేకపోవుట, వీనిలో ఏ ఒక్కటి కనబడినను బండి ఆపవలెను. అతడు ఆపలేదు. "ఇంకెంత, విశాఖపట్టణము చేరినచో ఇల్లు చేరినట్లే" అనుకొనెను.

అదే సమయమున ఫోను మ్రోగినది. తల్లి లేచినది. "ఎంతవరకు వచ్చితివి నాయనా? మంటకు అందుకొందువా?" అని ప్రేమతో అడిగెను. అతడు "అందుకొందునమ్మా" అని వేగము పెంచెను. ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు కారు నడుపు వయస్సు రాలేదు. కాని బాటలో నున్న తండ్రికో అన్నకో గంట కొకమారు ఫోను చేసి, "ఎప్పుడు వత్తువు?" అని తొందరపెట్టువారు వారే. ఎదురుచూచుట తప్పు కాదు. ఆ పిలుపు బండి నడుపువాని కాలిని ఎక్కడ నొక్కునో ఇంటిలోని వారికి కనబడదు.

నాలుగు గంటలు దాటినది. మంచు పలుచగా కమ్మెను. ఆ తరువాత జరిగినదానిని అతడు సరిగా చెప్పలేడు. కన్నులు మూసితినని అతడు ఎరుగడు. ఎడమ చక్రములు తారు దిగి గులకరాళ్ళపై గరగరమను శబ్దము చేసినవి. ఉలికిపడి చూచునప్పటికి ఎదుట ఒక గడ్డివామి నిలిచి యున్నది. అది వామి కాదు; వరిగడ్డి వేసికొని పోవు ట్రాక్టరు. వెనుక దీపము లేదు. అతడు స్టీరింగును కుడికి త్రిప్పి బ్రేకు నొక్కెను. కారు ట్రాక్టరు ప్రక్కనుండి దూసికొనిపోయి, కొంతదూరము ఊగి నిలిచెను. ఒక గడ్డిపరక అద్దమునకు అంటుకొని యుండెను. ఆ వేళ వెనుకనుండి లారీ ఏదియు రాకపోవుట అతని అదృష్టము.

ఇట్టి నిద్రను మైక్రోస్లీపు అందురు. అది ఒకటి మొదలు కొన్ని క్షణముల వరకు ఉండును. కన్నులు తెరచియే యున్నను రావచ్చును. గంటకు 90 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకండులో 25 మీటర్లు పోవును. నాలుగు సెకండుల కునుకులో నూరు మీటర్లు. ఆ నూరు మీటర్లలో ట్రాక్టరుండవచ్చును, ఆరబోసిన ధాన్యము, దానిచుట్టు పేర్చిన రాళ్ళు ఉండవచ్చును, ఎదురుదారిని వచ్చు మోటారుసైకిలు ఉండవచ్చును, గేదె పడుకొని యుండవచ్చును. మన బాటలపై ఇవి యన్నియు నిత్యము కనబడునవే.

ఎక్కడ బడితే అక్కడ బాట అంచున బండి నిలుపుట కూడ ప్రమాదమే. చీకటిలో నిలిచిన వాహనమును వెనుకనుండి వచ్చువారు ఢీకొను ప్రమాదములు పెక్కులు. యువకుడు మెల్లగా నడుపుచు అన్నవరమునకు ఈవల దీపములు వెలుగుచున్న ఒక పెట్రోలు బంకు చేరెను. ప్రాంగణములో లారీలు వరుసగా నిలిచి యుండెను. టీ బడ్డీ వద్ద చేతులు వణకుచుండగా గ్లాసు పట్టుకొన్న ఆ యువకుని ఒక వృద్ధ లారీడ్రైవరు చూచెను.

"ఎచ్చటినుండి వచ్చుచున్నావు బాబూ?"

"హైదరాబాదునుండి. ఇప్పుడే ట్రాక్టరుకు తగిలియుండెడివాడను. టీ త్రాగి పోయెదను. ఇంటివద్ద భోగిమంట."

వృద్ధుడు తల యూపెను. "టీ త్రాగుము. త్రాగి పడుకొనుము. అది పనిచేయుటకు అరగంట పట్టును. ఆ అరగంట బండిలో కాదు, నిద్రలో గడుపవలెను. ముప్పదియేండ్లుగా బండి నడుపుచున్నాను. నాకు నిద్ర రాదని చెప్పిన డ్రైవర్లను చాలమందిని చూచితిని బాబూ. వారిలో కొందరు ఇప్పుడు లేరు."

ఆయన చెప్పినది శాస్త్రమునకు సరిపోవుచున్నది. టీ కాఫీల సత్తువ రక్తములో కలియుటకు ఇంచుమించు అరగంట పట్టును. త్రాగిన వెంటనే పదునైదు ఇరువది నిమిషములు కునుకు తీసినచో, లేచువేళకు రెండును కలిసి సహాయము చేయును. లేచిన పిదప కొన్ని నిమిషములు మగతగా నుండును. నాలుగడుగులు నడిచి, ఆ మగత విడిచిన తరువాతనే బండి నెక్కవలెను. అట్టి కునుకు గంటో రెండు గంటలో దాటించునే గాని రాత్రి నిద్రకు బదులు కాజాలదు. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటల పనిని, ఐదు గంటలకు మించకుండ అరగంట విశ్రాంతిని నిర్ణయించెను. అది జీతమునకు నడుపువారి కొరకు. సొంత కారు నడుపుకొనువానికి "ఇక చాలును" అని చెప్పు యజమాని అతడే. రెండు గంటల కొకమారు దిగి, కాళ్ళు చాచి, తరువాత ఏ ఊరిలో ఆగునో ఇంటివారికి చెప్పి బయలుదేరినచో అతని ప్రయాణమునకును మజిలీలు ఏర్పడును. ఆపద వచ్చినచో జాతీయ రహదారులపై 1033కును, అంబులెన్సు కొరకు 108కును ఫోను చేయవచ్చునని తెలిసి యుండుటయు మంచిది.

యువకుడు తల్లికి ఫోను చేసెను. ట్రాక్టరు సంగతి చెప్పలేదు. "అమ్మా, నిద్ర వచ్చుచున్నది. ఇచ్చట పడుకొని లేచి వచ్చెదను. మంట వేయండి" అనెను. అవతల కొంచెముసేపు మాట వినబడలేదు. "పడుకొనుము నాయనా. మేము ఫోను చేయము. నీవే చేయుము" అని తల్లి పెట్టివేసెను.

అతడు ఇంజను ఆపి, తలుపులకు గడియ వేసి, గాలి వచ్చుటకు అద్దమును వేలెడు దించి ఒరిగెను. ఇరువది నిమిషములకు ఫోనులో గంట పెట్టుకొనెను. అది మ్రోగినదో లేదో తెలియదు. కన్నులు తెరచునప్పటికి ఏడు గంటలు దాటినది. మంచు విడిచి ఎండ వచ్చినది. లారీలన్నియు వెడలిపోయినవి. ముఖము కడుగుకొని, రెండు ఇడ్లీలు తిని, కొంతసేపు నడిచి, అతడు బండి నెక్కెను. తునిలో ఒకమారు, విశాఖపట్టణము దాటిన పిదప ఇంకొకమారు ఆగి, రెండుమార్లును ఇంటికి చెప్పెను.

ఇల్లు చేరునప్పటికి మధ్యాహ్నము పన్నెండు. వీధిలో భోగిమంట వేసినచోట బూడిద చల్లారి యున్నది. కోళ్ళు దానిని కెలకుచున్నవి. తల్లి కుమారుని ముఖమును ఒకమారు పరీక్షగా చూచి, ఏమియు అడుగక, నీళ్ళు కాగుచున్న పెరటివైపు పోయెను. అక్క కుమార్తె పరుగెత్తుకొని వచ్చి గుప్పిట విప్పినది. అందులో అంచు విరిగిన ఒక చిన్న పిడక యున్నది.

"దండ మంటలో వేసితిమి మామయ్యా. ఇది నీకు దాచితిని."

అతడు ఆ పిడకను తీసికొని, పిల్లచేయి పట్టుకొని పెరటిలోనికి పోయి, నీళ్ళపొయ్యిలో వేసెను.