మా తాతల విల్లంబులు

కొల్లాపూర్ దిక్కు నుంచి రాస్తున్న. పోస్టు కొంచెం పొడుగున్నది, తీరిక చూసుకొని చదవండి.

ఆగస్టు 9 వచ్చిందంటే మన వాట్సాప్ స్టేటస్‌లన్నీ విల్లంబులతో నిండిపోతయి. స్టేజీ మీదికి వచ్చిన పెద్దసారు చేతికి ఒక విల్లు ఇస్తం. ఆయన తాడు గుంజి పట్టుకుంటడు, అందరం ఫొటో దిగుతం. అట్లాంటి విల్లు ఒకటి ఈ మధ్య చేతికి తీసుకొని చూసిన. నైలాన్ తాడు, అంబు చివరకు బంగారు రంగు కాగితం. వంచితే వంగదు. మా తాత ఉంటే నవ్వి పక్కకు పెట్టేటోడు. ఆయన విల్లు ఎట్లుండెనో, దాని వెనక ఎవరెవరి చేతులు ఉండెనో మనలో చానామందికి తెల్వదు. నాకు యాదికున్నది, పెద్దోళ్ళను అడిగి తెలుసుకున్నది రాస్తున్న.

మా తాత విల్లు వెదురుది. నల్లమలల వెదురుకు కరువు లేదు కానీ ఏ వెదురు పడితే అది విల్లుకు పనికిరాదు. లోపల బోలు తక్కువున్న గట్టి వెదురు కావాలె. అమాస దగ్గర పడ్డంక నరికితే పురుగు పట్టదని తాత నమ్మకం. నరికిన బద్దను నీడకు ఆరబెట్టి, పొయ్యి పొగ తగిలేటట్టు గుడిసె కప్పు కింద చెక్కేటోడు. నెలలు గడిచినంక తీసి, కత్తితోటి నిదానంగ చెక్కుకుంట పోయేటోడు. నడుమ మందం, రెండు కొసలు సన్నం. ఒక దిక్కు ఎక్కువ చెక్కితే అంబు పక్కకు పోతది.

అల్లెతాడు కూడా వెదురుదే. పచ్చి వెదురు పైపొర నుంచి పొడుగు పేడు తీసి, రెండు కొసలకు నారతోటి ముడి కట్టేది. వానకు తడిసినా అది అంతగ సాగదని తాత చెప్పేటోడు. పని లేనప్పుడు ఒక కొస ఇప్పి పెట్టేటోడు. ఎప్పుడూ ఎక్కువెట్టి ఉంచితే విల్లు సోమరి అయితదంట.

అంబుకు సన్నపు పుల్ల ఏరి, నిప్పు సెగకు చూపించి, వేళ్ళతో ఒత్తుకుంట సాపు చేయాలె. ఒక కన్ను మూసి పుల్ల పొడుగునా చూస్తుంటే, అప్పుడు ఆయనను ఎవరూ పలకరించొద్దు. వెనక తోకకు ఈకలు కట్టాలె. ఈక లేని అంబు గాలిల తిరగబడుతది. రాబందు ఈక మంచిదనేటోళ్ళు. ఇప్పుడు ఆ రాబందులే కానరావు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ సూది మందు, ఆ పశువు చచ్చినంక తిన్న రాబందులను చంపింది. 2006ల ఆ మందును పశువులకు వాడొద్దని ప్రభుత్వం ఆపింది గానీ అప్పటికే దేశమంతా రాబందులు కరిగిపోయినయి. ఒక అంబు తోక కథ అడిగితే ఇంత దూరం పోతది.

ఇంగ అలుగు. పెంటల ఇనుము లేదు, కొలిమి లేదు. అలుగు కోసం ఊరికి, కమ్మరాయన దగ్గరికే పోవాలె. తేనె ఇచ్చి, తప్సి బంక ఇచ్చి అలుగులు తెచ్చుకునేటోళ్ళు. ఆకు లెక్క వెడల్పుది ఒకటి, సూదిగ ఉండేది ఒకటి. పిట్టలకైతే ఇనుమే వద్దు, మొద్దు కట్టె బొడిపె చాలు. మన విల్లు ఒట్టి అడవిదే అనుకుంటం గానీ సగం ఊరిది కూడా. ఆ కమ్మరాయన పేరు ఏ ఆదివాసీ దినోత్సవంల ఎవరూ తలచరు. కొలిమి పోయింది, ఆయన పిల్లలు వేరే పనులకు పోయిండ్రు, అలుగు చేసే చేయి కూడా పోయింది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలె. విల్లుతోనే మనోళ్ళు బతికిండ్రని పాటలల్ల, సినిమాలల్ల చూపిస్తరు. హైమెన్‌డార్ఫ్ దొర 1940ల అమ్రాబాద్ గుట్టల మీదికి వచ్చి మనోళ్ళ నడుమ ఉండి, 1943ల చెంచుల మీద పెద్ద పుస్తకం వేసిండు. రోజు కడుపు నింపింది గడ్డలు, పండ్లు, ఆకులేనని, వేట దాని తర్వాతేనని అందుల ఉన్నది. ఇదే మాట మా అవ్వ పుస్తకం చదవకుండనే చెప్పేది. “విల్లు పట్టినోడు ఎన్నోసార్లు ఒట్టి చేతుల వచ్చిండు, గడ్డకోల పట్టినామె ఎన్నడన్న ఒట్టి చేతుల వచ్చిందా?” అనేది. తాత ఏమీ అనకపోయేది, బీడీ ముట్టించుకునేటోడు. విల్లు గురించి గొప్పగ రాసేటప్పుడు ఆ గడ్డకోలను మరిచిపోతే మన అవ్వలకు అన్యాయం చేసినట్టే. దొర తీసిన ఫొటోలు లండన్ల సోయాస్ అనే విశ్వవిద్యాలయంల భద్రంగ ఉన్నయి. మన పెద్దోళ్ళ ముఖాలు అక్కడ ఉన్నయి, మన ఇండ్లల్ల లేవు.

మరి విల్లు చేతి నుంచి ఎట్ల జారింది? ఫర్హాబాద్ల నిజాం వేట బంగళా ఉండేది. దొరలు తుపాకీలతో పులుల వేటకు వచ్చేటోళ్ళు, దారి చూపింది మాత్రం మనోళ్ళే. తర్వాత 1972ల వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1978ల నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983ల పులుల రిజర్వు. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, బంక, గడ్డల మీద హక్కు ఇచ్చింది గానీ వేట హక్కును పక్కకు పెట్టింది. ఇటు శ్రీశైలం నీళ్ళు వచ్చి కృష్ణ ఒడ్డు ఊర్లు మునిగినంక, అమరగిరి లాంటి చోట్ల మనోళ్ళ చేతికి వల వచ్చింది.

వేట మళ్ళా రావాలని నేను అంటలేను. అడవిల జంతువు తగ్గిందని మనకంటే బాగ ఎవరికి తెలుసు? నా బాధ వేరే. వేట పోయినప్పుడు దానెంబడి విల్లు చేసే విద్య కూడా పోయింది. ఒకసారి ఇండ్లు సోదా చేస్తరని పుకారు లేస్తే మా చిన్నాయన తన విల్లు విరిచి పొయ్యిల పెట్టిండు. విల్లు చెక్కుడు ఏ చట్టం కాదన్నది? భయానికి ఎవరూ అడగలేదు. ఇప్పుడు మా దగ్గర విల్లు చేయవచ్చిన మనిషి పెద్దనాయన ఒక్కడే. ఆయనకు కండ్లు సరిగ్గ ఆనవు. చేతులకు మాత్రం ఇంకా గుర్తున్నది.

అహోబిలం నరసింహస్వామి మన చెంచులక్ష్మిని చేసుకున్నడని అందరికీ తెలుసు. సంక్రాంతి పూట పార్వేటకు స్వామి పల్లకి ఊర్ల మీదికి బయలెళ్తే, మన చెంచులు విల్లు ఎక్కుపెట్టి బాణం వేసి మర్యాద చేస్తరు. అల్లునికి మామగారింటోళ్ళు ఇచ్చే మర్యాద అది. దేవుని ముందర గౌరవమున్న విల్లు మన ఇంట్ల ఎందుకు లేకపోవాలె?

ఆట దిక్కు కూడా చూడండి. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబా రామ్ వెదురు విల్లుతోటి అడవిల మొదలుపెట్టినోడే. 1987ల ప్రభుత్వ క్రీడా సంస్థ వాళ్ళు ఎంపిక చేసిండ్రు, మరుసటి ఏడే ఒలింపిక్స్‌కు పోయిండు. 1992ల బీజింగ్ల 30 మీటర్ల పోటీల 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేసిండు. మన తెలుగు బిడ్డ జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడలల్ల మూడు బంగారు పతకాలు తెచ్చింది. వాళ్ళు వాడే విల్లు లక్షలల్ల ఉంటది, మనకెట్ల అంటరు. మన దేశ పోటీలల్ల ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉన్నది. అందుల వాడేది వెదురు విల్లే, దూరం 30, 50 మీటర్లు.

ఇంకో మాట. మన పిల్లలు చదివే బడులకు ఏకలవ్యుని పేరు పెట్టిండ్రు. గురువు బొటనవేలు అడిగితే కోసి ఇచ్చిండని చెప్పి కథ అక్కడ ఆపుతరు. ఈనాడు ఒలింపిక్స్‌ల రికర్వ్ విల్లు తాడు లాగేది చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. బొటనవేలు తాడు మీదనే ఉండదు. అంటే ఏకలవ్యుడు ఇప్పుడు ఉంటే పోటీల దిగేటోడే! పిల్లలకు ఈ మాట కూడా చెప్పాలె.

మన జిల్లా మొగులయ్య తాత ఒక్కడు పట్టుకొని కూర్చున్నందుకే పన్నెండు మెట్ల కిన్నెర నిలబడ్డది. 2022ల పద్మశ్రీ వచ్చినంక అందరూ చూసిండ్రు. విల్లుకు కూడా పట్టుకునే మనిషి కావాలె.

ఈ ఎండాకాలం సెలవులకు నేను పెద్దనాయన దగ్గర కూర్చోవాలనుకుంటున్న. వెదురు ఎంచుకునే కాడి నుంచి ముడి వేసే దాక ఫోన్ల వీడియో తీస్త, కొలతలు రాసుకుంట, నా చేత్తో ఒకటి చేస్త. గురికి గడ్డిమోపు చాలు, ఏ జీవాన్ని ముట్టేది లేదు. అవ్వల దగ్గర గడ్డకోల కథలు కూడా రికార్డు చేస్త.

మీ పెంటల, మీ గూడెంల విల్లు చేయవచ్చిన పెద్దోళ్ళు ఇంకా ఎవరన్న ఉన్నరా? మీ దిక్కు అల్లెతాడు దేనితోటి చేస్తరు? ఏ కట్టె వాడుతరు? కోయ, గోండు, కొలాం అన్నలు కూడా రాయండి, మీ విల్లుకు, మా విల్లుకు తేడా ఏందో తెలుసుకుందం. ఈ సెలవులల్లనే పోయి అడగండి. పెద్దోళ్ళు మన సెలవుల కోసం ఆగరు.