ఖాళీ ఆర్కెస్ట్రా

'కరావోకే' ఇంగ్లీషు మాట కాదు, జపాన్‌ది. 'కరా' అంటే ఖాళీ, 'ఓకే' ఆర్కెస్ట్రాకు పొట్టి రూపం. 1971లో కోబె నగరంలో దైసుకె ఇనౌయె అనే సంగీతకారుడు ఈ మెషీన్ తయారుచేశాడు, పేటెంట్ తీసుకోలేదు.

నిరుడు బోధన్‌లో మా అక్క పెళ్లికి స్టేజీ మీద ఒక ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు. పేరుకు తగ్గట్టే ఖాళీ. కానీ చెరుకు బండి తోలే రోజుల్ల తప్ప ఎన్నడూ పాడని మా బాపు ఆ రోజు మైక్ పట్టిండు. శ్రుతి తప్పినా ఆపలే. ఆర్కెస్ట్రా ఉంటే ఆయనకు మైక్ ఎవరిస్తరు?

ఆ ఖాళీ అందరికీ ఒక్కతీరు లేదు. నిజామాబాద్‌ల ఇరవై ఏండ్లు పెళ్లిళ్లకు తబలా కొట్టిన పెద్దమనిషి, ఈ పెళ్లికి చుట్టంలెక్క వచ్చిండు. అన్నం తిని, బాపు పాటకు కుర్చీ మీద వేళ్లతోని దరువేసి పోయిండు.