సలహా మంచిదే, వెర్షనే పాతది

మా మెట్‌పల్లిలో కారు కొన్నవాడికి సలహాలకి కొదవ లేదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళు, నాలాగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చిపోయేవాళ్ళు... అంతా కలిపి ఓ పాతిక మందిమి చిన్న క్లబ్బులా కలుస్తుంటాం. ఎవరికి ఏ డౌటొచ్చినా అక్కడే తీరాలి.

మొన్న ఎండాకాలం, నేను ఊళ్ళో లేనప్పుడు, మా బావ తన కారు వేడెక్కుతోందని అడిగాడట. ముప్పై ఏళ్ళు అంబాసిడర్ నడిపిన ఓ పెద్దాయన "థర్మోస్టాట్ పీకేపియ్యి అల్లుడూ. కూలెంట్ గూడ దండుగ, మనకేమన్న మంచు కురుస్తదా? బోరు నీళ్ళు పొయ్యి" అన్నాడు. అందరూ తలూపారు. రెండు వారాలకి మామయ్యని నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆర్మూరు దాటాక బానెట్లోంచి ఆవిరి! హెడ్ గ్యాస్కెట్ పోయింది. తీరా చూస్తే రేడియేటర్ ఫ్యానే తిరగట్లేదు. ఆ ముక్క ఎవరూ అడగలేదు.

పెద్దాయన అబద్ధమాడాడా? లేదండీ. కార్బురేటర్ బండి మన ఎండల్లో థర్మోస్టాట్ లేకపోయినా నెట్టుకొచ్చేది. ఇప్పటి ఇంజిన్ అలా కాదు. అది తగినంత వేడెక్కాకే సరిగ్గా పనిచేసేలా తయారైంది. అంత వేడెక్కకపోతే ఈసీయూ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కూలెంట్ ఒక్క మంచు కోసమే కాదు. సగానికి సగం కలిపితే మరిగే ఉష్ణోగ్రత 100 దాటి సుమారు 107 డిగ్రీలకి పోతుంది, తుప్పునీ ఆపుతుంది. బోరు నీళ్ళయితే లోపల ఉప్పు పేరుకుంటుంది.

మనం బగ్ వస్తే ఏమడుగుతాం? ఏ వెర్షను, ఎప్పుడొస్తోంది, లాగ్ ఏదీ అని. లాగ్ చూడకుండా ఫిక్స్ చెప్పినవాణ్ణి రివ్యూలో ఉతికేస్తాం. మరి మనుషులెక్కే బండికి ఆ మాత్రం జాగ్రత్త అక్కర్లేదా?

ఆ తర్వాత అంతా కూర్చుని కొన్ని మాటలనుకున్నాం. అడిగేవాడు మోడలు, సంవత్సరం, ఇంధనం ముందు చెప్పాలి. చెప్పేవాడు తను చేసి చూశాడా, విన్నాడా అన్నది దాచకూడదు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉన్నదానికి అదే చివరి మాట. ఉదాహరణకి టైర్లో గాలి ఎంతుండాలో డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ చూడాలి, టైరు మీద అచ్చేసిన గరిష్ఠం కాదు. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్ బ్యాగుల మీద సొంత వైద్యం బంద్, నేరుగా వర్క్‌షాపుకే.

పెద్దాయన నొచ్చుకుంటాడేమోనని అందరికీ లోపల బెంగే. ఆయనే అన్నాడు: "కొత్త బండ్ల సంగతి నాకు తెల్వదు. ఫ్యాన్ తిరుగుతుందా లేదా మాత్రం చప్పుడు విని చెప్త."

ఇప్పుడు ఎవరి కారు వేడెక్కినా ముందు ఆయన్నే పిలుస్తున్నాం.