మామయ్య చూపిన వ్యాగన్ఆర్

పాతకారు ధర యనగా అమ్మువాడు నోట చెప్పిన అంకె కాదనియు, ఆ అంకెకు మొదటి సంవత్సరమున ఆటోనగరులో మనము సమర్పించుకొను సొమ్మును కలిపిన పిమ్మట తేలునదే అసలు ధర యనియు నేను చెప్పిన మాటకు మా మేనమామ నేటికిని నవ్వుచునే యున్నాడు. బంధువుల పెండ్లిండ్లలో విస్తరి ముందు కూర్చుండినపుడెల్ల, "మావాడు నలభై వేలు తిరిగిన బండిని కాదని ఎనభై వేలు తిరిగినదాన్ని, అదీ ఎక్కువ పెట్టి కొన్నాడండీ" అని ప్రక్కవారికి విన్నవించుట ఆయనకు పరిపాటి యైనది. పైకి చూచిన ఆ మాటలో అబద్ధము లేదు. అందుచేతనే అది నన్ను మరింత గుచ్చుచున్నది. పెండ్లిపందిరి లెక్కలు చెప్పుటకు తగిన చోటు కాదు గావున ఇచ్చట చెప్పుచున్నాను.

2025 ఆరంభమున విజయవాడలో మూడు లక్షల చిల్లరకు ఒక చిన్నకారు కొనదలచితిని. క్రొత్తదే కొనరాదా యనిన, మా ఇంటి తిరుగుడు నెలకు ఎనిమిది వందల కిలోమీటర్లు దాటదు. అంతమాత్రమునకు ఆరు లక్షలు వీథిలో నిలబెట్టుటకు మనసొప్పలేదు. హైదరాబాదులో కొంత చౌకగా దొరకును గాని, అచ్చటి ఎన్ఓసీ, ఇచ్చటి లైఫ్ ట్యాక్సు కలిసినచో ఆ చౌకదనము దారిలోనే హరించును. ఇంతలో మామయ్య తన స్నేహితుడైన బ్రోకరు వద్ద 2016 నాటి వ్యాగన్ఆర్ ఒకటి చూపించెను. మీటరుపై 41,000, ధర 2,90,000. "ఒరే అల్లుడూ, డాక్టరుగారి బండిరా, సింగిల్ ఓనర్. కళ్లు మూసుకుని తీసుకో" అనెను. కన్నులు తెరచి చూచుటయే నేను చేసిన అపరాధము.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతయు నీట మునిగిన తరువాత మా ఊర పాతకారు చూచువాడు మొట్టమొదట చేయవలసిన పని యేమనగా, సీటుబెల్టును చివరికంట లాగి చూచుట. ఏలయన మ్యాట్లు మార్చి, సీట్లు ఉతికి, సెంటు కొట్టిన బండిలో సైతము బెల్టు చుట్టలోపలి బురదచార మాత్రము నిలిచి పోవును. ఈ బండికి ఆ దోషము లేదు. రంగు మెరయుచుండెను; బానెట్ బోల్టులపై పానా పడిన జాడ లేదు; ఇంజను చల్లగా నున్నపుడే స్టార్టు చేయింపగా నీలిపొగయు రాలేదు. మామయ్య మీసము మెలివేయుచుండెను. అంతలో నా వెంట వచ్చిన మెకానిక్ క్లచ్ పెడలు చూపించెను: దానిపై రబ్బరు గాళ్లు పూర్తిగా అరిగి, ఒక అంచున ఇనుము బయటపడి యుండెను. తరువాత అతడు టైరు చెంత కూర్చుండి, ప్రక్కగోడపై డీఓటీ అక్షరముల చివరనున్న నాలుగంకెలను వ్రేలితో తుడిచెను. 3420. అనగా 2020వ సంవత్సరము, 34వ వారము. నాలుగింటికిని దాదాపు అదే కాలపు ముద్ర. నాలుగును నున్నగా అరిగినవే.

చదువరులు ఇచ్చట ఒక్కక్షణ మాగవలెను. బండి 2016 నాటిది, టైర్లు 2020 నాటివి; కావున కంపెనీ ఇచ్చిన టైర్లు ఎప్పుడో పోయినవి, రెండవ సెట్టు కూడ అరిగినది. ఈ తరగతి కారుకు ఒక సెట్టు రమారమి నలభైవేల కిలోమీటర్లు వచ్చుననుకొన్నచో, రెండు సెట్లు అరిగిన బండి 41,000 మాత్రమే తిరుగుట ఎట్లు పొసగును? ఈ ప్రశ్నకు మామయ్య చెప్పిన సమాధానము, "మొదటి టైర్లు ఎవరో ఎత్తుకుపోయి ఉంటారులే" అని. బండి యజమాని చేతనే సర్వీసు సెంటరునకు ఫోను చేయించి చరిత్ర చదివింపగా, 2021లోనే మీటరు 67,000 చూపినట్లు తేలినది. మామయ్య ఆ దినమున నాతో మాటాడక వెడలిపోయెను. మీటరు తిప్పినవాని మీద రాని కోపము, తిప్పినారని కనిపెట్టినవాని మీద వచ్చుట బంధుత్వధర్మమేమో!

నేను కొన్న బండియు 2016 వ్యాగన్ఆరే. ఒక విశ్రాంత ఉపాధ్యాయునిది. బంపరు గీతలు పడినది, ఎడమ తలుపున సొట్ట కలదు, మీటరుపై 78,000. అయితే ప్రతి సర్వీసు బిల్లును ఆయన తేదీల వరుసన ఫైలు చేసి యుంచెను. 3,25,000 చెప్పి 3,12,000కు దిగెను.

ఇక లెక్క. మామయ్య బండికి టైర్లు 14,000, క్లచ్ సెట్టు 8,000, ముందువైపు సస్పెన్షను 9,000, బ్యాటరీ 4,500, చప్పుడు చేయుచున్న ఏసీ కంప్రెసరునకు 14,000, గడువు తీరిన ఇన్సూరెన్సు క్రొత్తగా చేయించుటకు 8,500, మొత్తము 58,000. అసలు ధర 3,48,000. మాస్టారి బండికి రెండు టైర్లు 7,000, ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు కలిపి 5,000, ఇన్సూరెన్సు పేరు మార్పునకు 2,500, మొత్తము 14,500. అసలు ధర 3,26,500. ఇరువది రెండు వేలు ఎక్కువ పెట్టి కొంటినని పెండ్లిండ్లలో ప్రచారమగుచున్న బండి 21,500 తక్కువకు వచ్చినదన్నమాట. ఇందు ఆర్టీఓ ఖర్చును రెండింటికి సమానమే గావున విడిచితిని. ఇక కొన్న పిమ్మటి ఖర్చు వేరు: ఫిక్సెడ్ డిపాజిట్టు విరిచి తీసిన 3,12,000పై ఏడు శాతము చొప్పున పోయిన వడ్డీ ఏటికి 21,840, నెలకు 1,820. లీటరుకు పదునారు కిలోమీటర్లు వచ్చునని, లీటరు 110 రూపాయలని వేసికొనగా నెలకు పెట్రోలు ఏబది లీటర్లు, 5,500, నాలుగేండ్లకు 2,64,000. సీఎన్జీ సంగతి నేను ఆలోచింపలేదు. దాని సిలిండరు డిక్కీని మింగును; ఆ డిక్కీ నాకు కావలెను.

నేను కాదన్న బండిని మామయ్య తన తోడల్లుని కుమారునకు ఇప్పించెను. వేసవి రాకమునుపే క్లచ్, రోహిణీకార్తెలో కంప్రెసరు పోయినవి. ఆ వార్త విని సంతోషించితినని వ్రాయుట సభ్యత కాదు. బిల్లు ఫొటో పంపుమని మాత్రము ఆ అబ్బాయిని అడిగితిని. నా పట్టీలో క్లచ్చుకు 8,000 వేసియుండగా అతనికి 9,200 అయినది. నా అంచనా 1,200 తక్కువ యగుట నన్ను కొంత బాధించెను. ఆ బిల్లు నా ఫోనులో నేటికిని భద్రముగా నున్నది. అడిగినవారికి, అడుగనివారికిని చూపుచుందును.

కొనబోవువారికి ఒక్క మనవి. నో క్లెయిమ్ బోనసు అమ్మినవానిదే గాని బండిది కాదు. కావున దానిని లెక్కించి ధర కట్టకుడు. కొన్న 14 దినములలో పాలసీని మీ పేరునకు మార్చుటకు దరఖాస్తు పెట్టుడు. లేనిచో బండికి దెబ్బతగిలినపుడు సొంత నష్టపు క్లెయిము చిక్కులో పడును. ఆర్‌సీపై బ్యాంకు పేరున్నచో, అప్పు తీరిపోయినదన్న మాటను నమ్మి సంతృప్తి పడక, బ్యాంకు ఎన్ఓసీయు ఫారం 35ను, వానితోపాటు సంతకములు చేసిన ఫారం 29, 30లును చేతికి వచ్చువరకు అడ్వాన్సునకు మించి ఒక్క రూపాయి ఈయకుడు.