పెద్దదాని డి లెవెల్

జూన్ 20, 2025
రిపోర్ట్ వచ్చింది. విటమిన్ డి 13. పక్కన ఎర్రక్షరాల్లో ‘లోపం’. పిల్లకి జబ్బేమీ లేదు, ఎముకలు బాగున్నాయన్నారు డాక్టరుగారు. మరి వాటర్ బాటిల్ మూత తమ్ముడి చేత ఎందుకు తీయించుకుంటోంది? వాడికి ఎనిమిదేళ్ళు. దీనికి పన్నెండు.

జూన్ 22
వారానికో సాచెట్, 60,000 యూనిట్లు, ఆరు వారాలు. గ్లాసు అడుగున ఇసకలా ఉండిపోతోంది. మళ్ళీ కాసిని పాలు పోసి, గిర్రున తిప్పి తాగించా.
“ఇది తాగితే కబడ్డీలో తీసుకుంటారా?”
ఏం చెప్పను...

జూలై 5
ముసురు. పొద్దుటి ఎండలో కూర్చోబెట్టమని అత్తయ్య. దాంతో పెద్దగా పని జరగదట. మన నీడ మనకంటే పొట్టిగా పడే వేళ కావాలి. పదకొండు నుంచి మూడు. అప్పుడిది ట్యూబులైటు కింద లెక్కలు చేస్తుంటుంది. కిటికీ పక్క సీటే, కానీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు. పోనీ ఆదివారం మేడ మీదికి పంపుదామంటే, “నల్లబడిపోతుందమ్మా!” మళ్ళీ అత్తయ్యే.

జూలై 18
నిద్ర పట్టక చదువుతూ కూర్చున్నా. మాంచెస్టర్‌లో పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య ఆడపిల్లల్ని బలం కొలిచే పలక మీద ఎగరమన్నారట. 2009లో అచ్చయింది. డి తక్కువున్న వాళ్ళ గెంతులో ఊపు తక్కువ. అచ్చం మా పిల్లే! మరుసటేడు ఇంకోటి. అలాంటి పిల్లలకే ఏడాది పాటు మందిచ్చి చూశారు. రక్తంలో అంకె పెరిగింది. కండ బలం పెరగలేదు. కదలిక మాత్రం కాస్త సాఫీ అయిందట.
ఆ రెండోది చదవకపోయినా పోయేది.

ఆగస్టు 3
2016-18 దేశవ్యాప్త సర్వేలో పది నుంచి పందొమ్మిదేళ్ళ వాళ్ళలో 24 శాతానికి డి లోపం. కాస్త ఊరట, ఎందుకో. అయితే వాళ్ళు 12 కంటే తగ్గితేనే లోపమన్నారు. మా ల్యాబ్ వాడికి 20. పిల్లది 13. అక్కడ పాసు, ఇక్కడ ఫెయిలు.

ఆగస్టు 11
కబడ్డీ టీములో ఎక్స్‌ట్రాగా తీసుకున్నారు. సాయంత్రాలు గ్రౌండు. యూనిఫాం నిండా మట్టి.

సెప్టెంబర్ 19
38! ఈయన కేకు తెచ్చారు. బాటిల్ మాత్రం మామూలుగానే తమ్ముడి చేతికెళ్ళింది. “ఇంకో కోర్సు వాడదామా?” అన్నారీయన. డాక్టరుగారు వద్దన్నారు. ఎక్కువైతే ఒంట్లో పేరుకుంటుంది, రక్తంలో కాల్షియం పెరుగుతుంది.

నవంబర్ 8
మూత తనే తీసుకుంది. ఫోన్లో కబుర్లు చెబుతూ, చూడకుండానే. సాచెట్లా? కబడ్డీయా? నా నువ్వులుండలే అంటుంది అత్తయ్య. ఈ ఐదు నెలల్లో పొడుగూ అయింది మరి.

నవంబర్ 9
చిన్నోడికీ చేయించనా అనడిగా. బాగున్న పిల్లలకి ఊరికే టెస్టులెందుకమ్మా అన్నారు డాక్టరుగారు. ఈయన అప్పటికే ల్యాబ్‌కి ఫోన్ చేసేశారు. రేపు ఆరున్నరకి ఎవరో వస్తారట సిరంజితో. డబ్బులు కూడా కట్టేశారు. క్యాన్సిల్ చేయమంటే ముఖం మాడ్చుకున్నారు.