చెప్పుకుంటే తీరే బాధ

రాత్రి పదకొండు దాటింది. సముద్రపు హోరు తప్ప భీమిలిలో మరో చప్పుడు లేదు. గోస్తని సముద్రంలో కలిసే వైపున్న ఓ చిన్న డాబా ఇంట్లో మాత్రం ఒకమ్మాయి మూడోసారి లేచి బాత్రూమ్‌కి వెళ్లింది. ఏడో నెల. సీమంతం ముచ్చట ముగించుకుని, గాజువాక అత్తారింటి నుంచి పురిటికి పుట్టింటికొచ్చి పది రోజులైంది.

"ఏటే అమ్మడూ, నిద్దర పట్టట్లేదా?" పక్కగదిలోంచి తల్లి అడిగింది.

"ఏం లేదమ్మా. ఉక్కగా ఉంది."

ఉక్క నిజమే. కానీ నిద్ర పట్టనివ్వనిది ఉక్క కాదు, దురద. అదీ చెప్పుకోలేని చోట. మూత్రానికి వెళితే మంట. బట్టలకి విరిగిన పాలలా తెల్లగా అంటుకుంటోంది. ఆ బట్టలు అమ్మ కంట పడకుండా తనే తెల్లారకముందే ఉతికేసుకుంటోంది.

తల్లి కన్ను ఊరుకుంటుందా! తీగ మీద ఆరేసిన బట్టలు చూసి అనుమానపడింది. "తెల్లబట్ట అవుతోందా? వేడి చేసిందిలే" అని తేల్చేసింది. ఆ రోజు నుంచి సబ్జా నీళ్లు, కొబ్బరి బొండాలు, పల్చటి మజ్జిగ. అవి తాగితే నష్టం లేదు. దురద మాత్రం తగ్గలేదు. వేపాకులు మరిగించిన నీళ్లతో లోపల కడుక్కోమని పక్కింటి పిన్ని సలహా ఇచ్చింది. ఆ ముచ్చటా తీరింది. మంట రెట్టింపయింది.

అమ్మాయి మనసులో రెండు భయాలు తిరుగుతున్నాయి. బిడ్డకేమైనా అవుతుందా? ఇది 'ఆ రకం' జబ్బు అని అత్తారింట్లో అనుకుంటే? మొదటి భయం కన్నా రెండోదే నోరు నొక్కేసింది. చివరికి భర్తకు ఫోన్‌లో, "ఏవండీ, దురదకి ఏదైనా మాత్ర తెండి" అని మాత్రం అంది. ఎక్కడి దురదో చెప్పలేదు. ఆయన వివరం తరిచి అడిగితే సగం చెప్పింది. శనివారం వస్తూ ఆయన మందుల షాపులో ఒకే ఒక్క మాత్ర కొనుక్కొచ్చాడు. భార్య కడుపుతో ఉందని షాపులో చెప్పాలని ఆయనకు తోచలేదు.

ఆ మాత్ర దిండు కింద ఉండగానే మర్నాడు ఆశ కార్యకర్త వచ్చింది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ పరీక్షలు చేస్తారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అది. రమ్మని చెప్పడానికొచ్చిన ఆమె, వెళుతూ వెళుతూ ఓ మాట అడిగింది. "మందులేమైనా వాడుతున్నావా తల్లీ?"

అంతే. పది రోజులుగా బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా బయటపడింది.

వేడి కాదు... ఈస్ట్!

ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పిన పేరు, ఈస్ట్ ఇన్‌ఫెక్షన్. బేకరీలో రొట్టెను పొంగించే ఈస్టుకు ఇది దూరపు చుట్టం. పేరు క్యాండిడా. తెలుపు అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి పుట్టిన పేరు. మనవాళ్లు 'తెల్లబట్ట' అన్నదీ ఆ రంగును చూసే!

ఈ శిలీంధ్రం చాలామంది ఆడవాళ్ల ఒంట్లో ఏ గొడవా చేయకుండా ఉంటుంది. మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా దాన్ని అదుపులో పెడుతుంది. గర్భం వచ్చాక ఈస్ట్రోజెన్ హార్మోన్ బాగా పెరుగుతుంది. దాంతో యోని గోడల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఎక్కువవుతుంది. ఈస్టుకు విందు భోజనం దొరికినట్టే. జలుబుకో జ్వరానికో యాంటీబయాటిక్స్ వాడితే మంచి బ్యాక్టీరియా కూడా చచ్చి, కాపలా పోతుంది. సముద్రతీరపు చెమట, తడిసినా మార్చుకోని సింథటిక్ లోదుస్తులు దానికి మరింత అనువు.

"మరి ఇది మగాడి నుంచి వచ్చిందా?" తల్లే గొంతు తగ్గించి అడిగింది. కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దీన్ని సుఖవ్యాధిగా లెక్కించరు. దురదో ఎర్రదనమో ఉంటే తప్ప భర్తకు మందు అక్కర్లేదు. అమ్మాయి తలెత్తి చూడటం అప్పుడే.

మాత్ర వద్దు... బిళ్ల చాలు

దిండు కింద మాత్ర ఇప్పుడు టేబుల్ మీదికొచ్చింది. ఫ్లుకొనజోల్. మామూలప్పుడు ఈ జబ్బుకు వాడే మందే. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం సొంతంగా మింగకూడదు. ఈ మాత్ర వాడిన గర్భిణుల్లో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయని డెన్మార్క్ పరిశోధకులు చెప్పడంతో, 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్లను హెచ్చరించింది. తెలియక ఒకటి వేసుకున్నవాళ్లు బెంబేలెత్తిపోనక్కర్లేదు. దాచకుండా డాక్టర్‌కి చెబితే చాలు.

డాక్టరమ్మ రాసింది క్లోట్రిమజోల్. రాత్రి పడుకునే ముందు లోపల పెట్టుకునే బిళ్ల. ఏడు రాత్రులు. రెండు మూడు రోజులకే దురద తగ్గినా మధ్యలో ఆపకూడదు. శుభ్రంగా కడుక్కున్న వేలితో పెట్టుకోవాలి, అప్లికేటర్‌ని డాక్టర్ చెప్పకుండా వాడొద్దు.

"వాసనేమైనా ఉందా?" అని డాక్టరమ్మ అడిగితే తల్లి ఫక్కున నవ్వింది. "చేపల గంప మోసే ఇల్లమ్మా మాది. ఏ వాసనని చెప్పను!" నవ్వొచ్చే మాటే కానీ విషయముంది. ఈస్ట్ ఇన్‌ఫెక్షన్‌కి పెద్దగా వాసన ఉండదు. పల్చగా, బూడిదరంగులో, చేపల వాసనతో అయితే అది బ్యాక్టీరియా తెచ్చే మరో జబ్బు. దానికి మందు వేరు. ఆకుపచ్చగా, నురగగా అయితే ఇంకొకటి. అందుకే ఒకరి మందు ఇంకొకరికి పనికిరాదు. ఇక నీళ్లలా కారుతున్నా, రక్తం కనిపించినా, జ్వరమో కడుపునొప్పో తోడైనా 9వ తేదీ దాకా ఆగకూడదు. అది ఉమ్మనీరు కావొచ్చు. ఏ వేళైనా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

అసలు సంగతి ఇంకోటుంది. గర్భిణులకు తొలి పరీక్షలో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత చక్కెర చూడాలి. ఇల్లు మారే హడావిడిలో ఈ అమ్మాయి రెండోది చేయించుకోలేదు. చక్కెర ఎక్కువైనా ఈస్ట్ విజృంభిస్తుంది కనుక డాక్టరమ్మ అప్పుడే చేయించింది. ఫలితం 140 దాటింది. గర్భంతో వచ్చే మధుమేహం! ఈస్ట్ వచ్చిన అందరికీ షుగర్ ఉంటుందని కాదు. కానీ ఈ అమ్మాయి ఇంకో నెల నోరు విప్పకుంటే, ఆ నెలంతా బిడ్డ ఆ చక్కెరలోనే పెరిగేది. ఆహార నియమం, రోజూ కాసేపు నడక, మళ్లీ పరీక్ష... దారి దొరికింది.

ఈస్ట్ వల్ల బిడ్డకు అవకరాలు రావు. కాన్పు సమయానికి ఉంటే పుట్టిన బిడ్డ నోట్లో తెల్లపూత రావచ్చు. దానికీ మందుంది.

పరదా చాటు కథ

విశాఖ పాతనగరంలోని ప్రభుత్వ విక్టోరియా ఆస్పత్రిని జనం ఇప్పటికీ 'ఘోషాసుపత్రి' అనే పిలుస్తారు. ఘోషా అంటే పరదా. పరపురుషుడి కంట పడని స్త్రీలకు వైద్యమందాలన్న ఆలోచనలోంచి వచ్చిన పేరది. ఆ పరదాలు పోయి తరాలు గడిచాయి. మాటకు కట్టిన పరదా మాత్రం చాలా ఇళ్లలో ఇంకా వేలాడుతూనే ఉంది.

ఏడో రాత్రి బిళ్ల అయిపోయింది. దురద పోయి నాలుగు రోజులైంది. డాబా మీద చాప వేసుకుని, కూతురి తల నిమురుతూ తల్లి ఉన్నట్టుండి అంది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇలాగే అయ్యిందే. కాన్పయ్యేదాకా అలాగే ఓర్చుకున్నా."

"అమ్మమ్మకి చెప్పలేదా అమ్మా?"

"ఎలా చెప్పను? సిగ్గు."

కూతురు ఏమీ అనలేదు. అమ్మ చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది.